తలుపు రద్దయిన ఇల్లు

డ్రిల్లు మాస్టారు చక్రధరం మానసిక వైద్యశాల నుంచి ఇంటికొచ్చిన పదో రోజు తెల్లవారేసరికి, నిబంధనల ప్రకారమే, ఆ ఇంటి వీధి తలుపు గోడలో కలిసిపోయింది.

ముగ్గు గిన్నె పట్టుకుని గడియ తీయబోయిన ఆయన భార్య భ్రమరాంబ చేతికి సున్నం అంటింది. పేరులో భ్రమ ఉందే గానీ మనిషిలో లేదు. రెండోసారి తడిమి చూసింది. గోడే. గడప లేదు, గొళ్ళెం లేదు, ఇంటి నంబరు రేకూ లేదు. ఆవిడ కేక పెట్టలేదు. మూడు నోటీసులు ముందే వచ్చాయి కనక గిన్నె కింద పెట్టి కాఫీ పెట్టుకోవడానికి వెళ్ళింది.

ఆ ఊళ్ళో తలుపనేది వడ్రంగి చేసేది కాదు, వచ్చేపోయేవాళ్ళు చేసేది. ఆసుపత్రి నుంచి మనిషి ఇంటికొచ్చాక తొమ్మిది రోజుల్లోగా పైవాళ్ళు ఒక్కరైనా గడప తొక్కి పరామర్శ చెయ్యాలి. చెయ్యకపోతే తలుపు అవసరం లేదని పురపాలక సంఘం భావిస్తుంది. తలుపుకీ తలపుకీ ఒక్క కొమ్మే తేడా. ఊరి తలపులోంచి పోయిన ఇంటికి తలుపెందుకు?

అంతకు రెండేళ్ళ ముందు ఇదే చక్రధరానికి అపెండిక్సు తీశారు. అప్పుడు ఊరు ఊరంతా వచ్చింది. గుమ్మం ముందు చెప్పులు చూసి దారినపోయేవాడు పెళ్ళనుకుని భోజనానికి కూర్చున్నాడు. ఆరు బుట్టల బత్తాయిలు, పదకొండు కొబ్బరిబోండాలు, కుట్లు చూపించమని పోటీలు. అపెండిక్సు ఎందుకూ కొరగాని తోక. దానికి ఆరు బుట్టలు! మనిషిని మనిషిగా నిలబెట్టే మనసుకి జబ్బు చేస్తే ఒక్క బత్తాయి రాలేదు. నిమ్మకాయ మాత్రం ఒకటొచ్చింది. అది కూడా పక్కింటావిడ తన గుమ్మానికి దిష్టికి కట్టుకున్నది, తాడు తెగి ఇటు దొర్లింది.

ఆ పక్కింటావిడ సుందరీమణి దొడ్డిగోడ మీంచి తల పెట్టింది.

"అయ్యో, తలుపు పోయిందాండీ వదినగారూ?"

"పోయిందండి. మీరొక్కసారి వచ్చుంటే పోయేది కాదండి."

"రాకూడదనా అండీ! వద్దామనే అనుకున్నాం. వచ్చి ఏం మాట్లాడాలో తెలీక ఆగాం. కుట్లు చూపించమందామంటే ఆయనకి కుట్లు కూడా లేవాయె!"

ఆ రోజు నుంచి భ్రమరాంబ గడప లేకుండా రోజులు గడపడం మొదలుపెట్టింది. దొడ్డిగోడకి నిచ్చెన వేసుకుని పాలకీ కూరలకీ దిగేది. ఆవిడకి కావలసింది ఒక్కటే. ఒకటో తారీఖులోగా ఆయన బడిలో చేరాలి. "మందు సగం, పని సగం అమ్మా. పిల్లల మధ్యకి పంపండి" అని డాక్టరు చెప్పి పంపాడు. ఆయన పొద్దున్నే మాత్ర వేసుకుని, తెల్ల బూట్లకి సుద్ద పూసుకుని, ఈల తుడుచుకుని, గోడ ముందు కుర్చీలో కూర్చునేవాడు. ఒకటో తారీఖు దాటితే ఉద్యోగం ఖాళీ అయినట్టు రాసేస్తారు. చేరాలంటే నివాస ధ్రువపత్రం కావాలి. పత్రం ఇచ్చే ఉద్యోగి వీధి తలుపు తట్టాకే సంతకం పెడతాడు.

భ్రమరాంబ పురపాలక సంఘంలో తలుపుల విభాగానికి వెళ్ళింది. గుమస్తా కామేశం మంచివాడు. కుర్చీ చూపించాడు. పేరు చూశాక ఆ కుర్చీని కొంచెం అవతలికి జరిపాడు.

"తలుపు మళ్ళీ రావాలంటే ఏం చెయ్యాలండి?"

"తేలికేనమ్మా. చుట్టాలు కానివాళ్ళు తొమ్మిదిమంది గడప తొక్కి పరామర్శ చెయ్యాలి."

"గడప లేదు కదండీ."

"అదేనమ్మా కష్టం."

"మరి ఇదివరకు ఎవరికైనా తిరిగొచ్చిందాండీ?"

"ఎవరూ అడగలేదమ్మా. ఈ కాగితం నింపిన మొదటి మనిషి మీరే." కామేశం గొంతు తగ్గించాడు. "అడిగితే ఇంట్లో ఫలానా జబ్బుందని తెలిసిపోద్ది కదండీ. అందుకని గోడలే మేలనుకుంటారు. ఊళ్ళో ఇలాంటివి మూడొందల పన్నెండున్నాయి."

ఆ అంకె భ్రమరాంబ చెవిలో పడి అక్కడే తిరగడం మొదలుపెట్టింది. ఇంటికొస్తూ చౌకడిపో ఎదురుగా ఉన్న తెల్లగోడ దగ్గర ఆగింది. పదిహేనేళ్ళుగా క్యూలో నిలబడి వీపు ఆన్చుకున్న గోడ అది. ఎండాకాలంలో చల్లగా ఉంటుందని నలుగురికీ చెప్పింది కూడా. ఇప్పుడు వేళ్ళు మడిచి రెండుసార్లు తట్టింది.

"ఎవరండీ?" అంది గోడ అవతల ఓ ఆడగొంతు.

పదిహేనేళ్ళు వీపు ఆన్చిన మనిషికి ఒక్కసారి చెయ్యి ఆన్చాలని తోచలేదు!

లోపలున్నది మస్తాన్‌బీ, ఆవిడ కూతురు. కూతురికి ఇంటర్లో చదువుతుండగా చెవిలో గొంతులు మొదలయ్యాయి. పదహారేళ్ళయింది. మందులు వాడుతోంది, లేసులు అల్లుతోంది, పాటలు పాడుతోంది. క్యూలో వాళ్ళు ఆ పాటలు విని రేడియో అనుకునేవారు.

గోడకి కొమ్మిస్తే గోడు అవుతుంది. భ్రమరాంబ వారం తిరక్కుండా ఊళ్ళో గోడలన్నీ తట్టింది. ఆదివారం సాయంత్రం చక్రధరం ఇంటి దొడ్లో మొదటి సమావేశం జరిగింది. నిచ్చెనలెక్కి, జామచెట్లు దిగి, పిట్టగోడలు దూకి పదిహేడుమంది వచ్చారు. వాళ్ళకి వేదిక లేదు, మైకు లేదు. ఒకళ్ళకొకళ్ళు చెప్పుకున్నారు, అంతే. ఏ మాత్ర వేస్తే నోరు ఎండుతుందో, ఏది మానేస్తే మూడో వారం ముంచుకొస్తుందో చెప్పుకున్నారు.

"గొంతులు వినపడుతున్నాయన్నప్పుడు 'ఎక్కడ, ఎవరూ లేరుగా' అని కొట్టిపారెయ్యమాకండి" అంది మస్తాన్‌బీ. "భయంగా ఉందా అమ్మా అని అడగండి. అది అడగడం నేర్చుకోడానికి నాకు నాలుగేళ్ళు పట్టింది. అప్పుడే ఎవరైనా చెప్పుంటే బాగుండేది."

చక్రధరం చాలాసేపు విని, తొలిసారి నోరు విప్పాడు. "నాకు భయంగానే ఉండేదండి." భ్రమరాంబ పెళ్ళయిన ఇరవయ్యేళ్ళలో ఆ మాట ఆయన నోట వినలేదు.

మర్నాడు పదిహేడు సంతకాలతో కామేశం ముందు నిలబడింది. ఆయన కాగితం అటూ ఇటూ తిప్పాడు.

"వీళ్ళంతా ఎటునుంచి వచ్చారమ్మా?"

"దొడ్డిదారినండి."

"దొడ్డిదారిన వచ్చినవాళ్ళు లెక్కలోకి రారమ్మా."

"అదేంటండీ! ఊళ్ళో పదవులన్నీ దొడ్డిదారిన వచ్చినవాళ్ళవేగా? వాళ్ళిళ్ళకి ఇత్తడి బుడిపెల తలుపులు రెండేసి ఉన్నాయిగా?"

"వాళ్ళని చూడ్డానికి జనం వస్తారు కదమ్మా" అన్నాడు కామేశం, నిజంగానే బాధపడుతూ.

ఒకటో తారీఖుకి నాలుగు రోజులుందనగా మానసిక ఆరోగ్య అవగాహన వారోత్సవం వచ్చింది. వారోత్సవమంటే 'వారి' ఉత్సవం, వీరిది కాదు. అవగాహన సంఘం అధ్యక్షులు విశ్వమోహనరావు గారు పూలదండతో, ఫోటోగ్రాఫరుతో, రంగు డబ్బాలతో వీధిలోకొచ్చి, చక్రధరం ఇంటి ముందు ఆగి మురిసిపోయారు. అంత నున్నటి ఖాళీ గోడ ఊళ్ళో ఇంకోటి దొరకలేదట. సరిగ్గా తలుపున్న చోట మూరెడేసి నీలం అక్షరాలతో రాయించారు: "మనసు బాధలో ఉన్నవారి తలుపు తట్టండి."

లోపల్నుంచి భ్రమరాంబ గోడని రెండు చేతులా బాదింది. "ఏవండీ! ఇదేనండీ ఆ తలుపు! మీరు తొమ్మిదిమందికి తక్కువుండరు కదా, ఇక్కడే నిలబడి ఓ మాట పలకరించండీ!"

విశ్వమోహనరావు గారు చెవి ఒగ్గారు. "ఏదో చప్పుడవుతోందేంటయ్యా?"

"గోడండి. రంగు పీల్చుకుంటుందండి" అన్నాడు రంగులవాడు.

లేని గొంతులు వినపడితే అది జబ్బు. ఉన్న గొంతు వినపడకపోతే అది పౌరజీవితం. చక్రధరానికి మాత్రలున్నాయి. ఊరికి మాత్రం ఏ మాత్రా లేదు, చెవికి బత్తాయి తొక్క అడ్డం పెట్టుకుని ఆరోగ్యంగా తిరుగుతోంది!

అయితే భ్రమరాంబ అర్జీ వృథా పోలేదు. ముప్పయ్యో తారీఖున కౌన్సిలు ప్రత్యేకంగా సమావేశమై, తలుపు లేని మూడొందల పన్నెండు ఇళ్ళకీ నిచ్చెన మంజూరు చేసింది. ప్రభువులు నిచ్చెన నిచ్చెను! సభ్యులు బల్లలు చరిచారు. దేశంలో ఇలాంటివారి కోసం ఇంత ఎత్తుకి ఆలోచించిన ఊరు ఇంకోటి లేదన్నారు. తలుపు అడిగిన అర్జీ నిచ్చెన ఇవ్వడంతో పరిష్కారమైనట్టు నమోదయింది. నిచ్చెన నంబరునే నివాస ధ్రువపత్రంగా ఒప్పుకున్నారు.

కనక ఒకటో తారీఖున చక్రధరం భ్రమరాంబతో కలిసి బడికి వెళ్ళాడు. ప్రధానోపాధ్యాయురాలు లలితకుమారి పత్రం చదివి, సంతకం పెట్టించుకుని, గౌరవంగా నమస్కారం చేసి, ఆయన్ని ప్రహరీ బయట సందులో నిలబెట్టింది.

"ఇక్కణ్ణుంచి చెప్పండి మాస్టారూ. గొంతు బాగానే వినిపిస్తుంది."

"లోపలికి రానివ్వరా అండీ?" అంది భ్రమరాంబ.

"ముఖద్వారం లేనివాళ్ళ ముఖం పిల్లలకి చూపిస్తే తల్లిదండ్రులు ఒప్పుకోరమ్మా. మీరడిగింది ఉద్యోగం, ఇచ్చాం. మొహం కూడా కావాలంటే ఎలా?"

చక్రధరం గోడవైపు తిరిగి నిటారుగా నిలబడ్డాడు. ఈల ఊదాడు. "ఒకటీ... రెండూ... మూడూ..." అవతల నలభైరెండుమంది పాదాలు కదిలాయి. ఆరో లెక్కకి ఆయన ఆపేశాడు.

"మూడో వరసలో ఒకమ్మాయి ఎడంకాలు ఆన్చట్లేదు. ఏమైందమ్మా?"

"ముల్లు గుచ్చుకుందండీ మాస్టారూ!"

"కూర్చో తల్లీ. పక్కవాళ్ళు దానికి మంచినీళ్ళివ్వండి. నెప్పిగా ఉందా అని అడగండి."

ఆ వారమే తనిఖీకొచ్చిన అధికారి ఇదంతా విని సంతోషించాడు. గోడ ద్వారా బోధన క్రమశిక్షణగా ఉందని, మిగతా సబ్జెక్టులకి కూడా పరిశీలించవచ్చని రాశాడు. నెల తిరిగేసరికి పిల్లలు పొద్దున్నే వరసగా వచ్చి, గోడకి నమస్కారం పెట్టి, సమాధానం కోసం ఆగకుండా క్లాసుల్లోకి వెళ్ళడం నేర్చుకున్నారు. పెద్దయ్యాక ఊళ్ళో ఎలా బతకాలో వాళ్ళకి వేరే పాఠం చెప్పక్కర్లేదని తల్లిదండ్రులు తృప్తి పడ్డారు.