చెక్క ఎంచుకోవడానికి తొందరేముంది!

మీ ఇంటి కిటికీ చుట్టూ బయటివైపు కొట్టిన చెక్క పట్టీ పుచ్చిపోయిందా? అయితే మీరు అదృష్టవంతులు. దాన్ని కళ్లకద్దుకోండి. వెంటనే మార్పించడం మాత్రం చేయకండి!

ఎందుకంటారా? మార్పిస్తే పని అయిపోతుంది. పని లేని మగవాడికి ఇంట్లో ఎంత గౌరవమో నేను విడమరిచి చెప్పాలా? అదే ఏ చెక్క వేయాలో పరిశీలిస్తున్నాననండి, ఎవరూ పల్లెత్తు మాట అనరు. పడుకుని ఫోన్ చూస్తున్నా సరే, అది రీసెర్చే.

మా వీధి గది కిటికీ పట్టీ వేసవిలో పుచ్చింది. మా ఆవిడ బట్టలు కుట్టే మిషన్ ఆ కిటికీ కిందే ఉంటుంది. వెలుతురంతా అక్కడే, పైగా మిగతా గదినిండా కటింగ్ బల్లా, కుట్టాల్సిన బట్టలూను. "వానలు పడేలోపు ఏదో ఒక చెక్క కొట్టించండి. నీళ్లు లోపలికొస్తే నా పని ఆగిపోతుంది" అంది.

ఏదో ఒక చెక్కట! విన్నారా? ఎండకూ వానకూ ఓర్చుకోవాల్సిన దాన్ని ఏదో ఒకటి అనేయడమేనా? నిదానమే ప్రధానమన్న పెద్దలు వెర్రివాళ్లా?

ముందు వడ్రంగిని పిలిచాను. ఆయన పాత పట్టీని వేలితో పొడిచి చూసి మొహం చిట్లించాడు. "ఎవడండీ ఇది కొట్టింది, బుద్ధుందా వాడికి?" అన్నాడు.

"మీరేనండీ" అన్నాను.

ఆయన పట్టీని ఇంకోసారి పొడిచి చూసి, అప్పట్లో చెక్కే అలాంటిది వచ్చేదని తేల్చి, ఈసారి టేకు వేయాల్సిందేనన్నాడు. బయటికి టేకు దండగ, దేవదారు వేయమన్నాడు పక్కింటాయన. వేపకు చెద పట్టదని ఒట్టేసి చెప్పాడు మా బావమరిది. వాడుండేది అద్దింట్లో. ఇక కలప అడితి యజమాని చెట్టు పేరు చెప్పి చెక్క అమ్ముకునే రకం. ఆయన నోట ఏ చెట్టు పేరొచ్చినా అది నూరేళ్లు నిలుస్తుంది. ఇవన్నీ ఎందుకు, ప్లాస్టిక్ కలిపిన చెక్కే మేలంది ఇంటర్నెట్. దాని కింద రివ్యూల్లో ఒకరు అద్భుతమన్నారు, ఇంకొకరు ఎండకు అరటితొక్కలా వంగిందన్నారు. ఇద్దరి ఫోటోల్లోనూ ఒకటే కిటికీ!

దీన్ని అమాయకులు గందరగోళమంటారు. భోగమండీ ఇది! పూర్వం ఏ చెట్టు దగ్గరుంటే దాన్నే కోసి కొట్టేసుకునేవారు. పాపం, ఆలోచించే భాగ్యమే లేదు వాళ్లకి. వాళ్ల కిటికీలు ఇప్పటికీ చెక్కుచెదరకుండా ఉన్నాయనుకోండి, అది వేరే సంగతి.

చిన్న ముక్క చూసి చెక్క గుణం చెప్పలేం కదా? అందుకని రకానికొక నిండు పలక శాంపిల్‌గా తెచ్చి హాల్లో గోడకు నిలబెట్టాను. పొద్దున్నే టీ తాగుతూ వాటి చారలు పరిశీలించేవాణ్ని. ఈలోగా వానలు మొదలయ్యాయి. తేమ తగిలి పాడవుతాయేమోనని పలకలన్నిటికీ దుప్పటి కప్పాను.

"వానలో నిలబడాల్సిన వాటికేమో దుప్పటి కప్పారు. పొడిగా ఉండాల్సిన నా మిషన్ మీదేమో నీళ్లు కారుతున్నాయి" అంది మా ఆవిడ.

శాస్త్రీయ దృష్టి లేని మాటలని కొట్టిపారేశాను. ఆవిడ మిషన్ మీద ప్లాస్టిక్ పట్టా కప్పింది.

ఆ రోజుల్లో ఇల్లెంత ప్రశాంతంగా ఉండేదని! వాన మొదలైతే చాలు, ఇంట్లో చీమ చిటుక్కుమన్నా వినపడేది. చదువుకోడానికి అంతకన్నా ఏం కావాలి? లోకంలోని చెక్కల చరిత్రంతా ఆ వానల్లోనే చదివేశాను. తీరిగ్గా ఎంచుకోవడం ఇంటికి శాంతి తెస్తుందనడానికి ఇంతకు మించిన రుజువు లేదనుకున్నాను.

మొన్న వాన తెరిపిచ్చింది. అడితిలో కొత్త రకం దిగిందంటే వెళ్లి, ఒక పలక చంకన పెట్టుకుని ఇంటికొచ్చాను. హాల్లో గోడ బోసిగా ఉంది. దుప్పటి మడతపెట్టి ఉంది. బయటికెళ్లి చూద్దును కదా, వడ్రంగి నిచ్చెన దిగుతున్నాడు! నా శాంపిళ్లు కిటికీ చుట్టూ ఎక్కి కూర్చున్నాయి. పైన ఒక జాతి, కింద ఒక జాతి, అటూ ఇటూ చెరొకటి. అన్నిటి మీదా దట్టంగా తెల్లరంగు.

"ఇందులో టేకేదండీ?" అని అడిగాను.

వడ్రంగి పైకీ కిందికీ చూశాడు. "ఇప్పుడెలా తెలుస్తుందండీ?" అన్నాడు.

నాకూ తెలియలేదు. ఇన్నాళ్ల పాండిత్యం ఒక్క డబ్బా రంగు కింద సమాధి అయిపోయింది.

నిన్న మళ్లీ కుండపోత. అలవాటుగా ఫోన్ తీసుకుని కూర్చున్నాను గానీ చదువు సాగితేనా? గదిలోంచి ఒకటే టకటక. విసుక్కోబోయి ఆగిపోయాను. ఇన్నాళ్లూ వాన పడ్డప్పుడల్లా నేను అనుభవించిన ప్రశాంతత ఏమిటో అప్పుడు తెలిసింది. అది మా ఆవిడ పని ఆగిపోవడం. నిజంగా సిగ్గేసింది.

కొత్త పలక పట్టుకుని గది గుమ్మంలో నిలబడ్డాను. ఆవిడ మిషన్ ఆపకుండానే చెయ్యి చాపింది.

"ఇటివ్వండి, కుట్టిన బట్టలు పెట్టుకోడానికి గోడకి అర కొట్టించుకుంటాను. ఏ చెక్కో మాత్రం చెప్పకండి" అంది.

నోరు మూసుకుని ఇచ్చేశాను.