చల్లదనం బయటికి పోకుండా

వియ్యపురాలు శరణమ్మ బీదర్ నుంచి పొద్దున బస్సుకు వస్తుందని తెలిశాక, రామ్‌కిషన్ పెట్టుకున్న పని ఒక్కటే: ముందుగదిని చల్లగా ఉంచడం. కూతురు నందిని కాన్పుకు వచ్చి ఇంకా జహీరాబాద్‌లోనే ఉంది. "ఆ ఎండలకు పాపకు చెమటకాయలొస్తయ్, నేనొచ్చి తోల్కపోత" అని శరణమ్మ ఫోన్‌లో తేల్చేసింది. మనవరాలు లేని ఇంటిని తలచుకుంటేనే రామ్‌కిషన్‌కు ముద్ద దిగడం లేదు.

అందుకే రెండు రోజుల కిందట కొత్త కూలర్ తెచ్చాడు. చల్లదనం బయటికి పోకూడదని కిటికీకి థర్మాకోల్ షీటు బిగించి, సందులన్నిటికీ టేపు అంటించాడు.

"కిటికీ తియ్యాలె నాయినా. నీళ్లు ఆరుతుంటెనే గాలి సల్లగైతది. లోపలి గాలంత తడిసినంక ఇంక నీళ్లు ఎట్ల ఆరుతయ్?" అంది నందిని.

"ఏసీ దుకాణంల తలుపులు బార్లా తెరిచి పెడ్తరా? నువ్వు జర ఊకో బిడ్డా."

ఆ గదిలో ఆరేసిన గుడ్డలు ఆరలేదు. డబ్బాలో అటుకుల చుడువా మెత్తబడింది. గోడమీది క్యాలెండర్ వంకర తిరిగింది. చల్లదనం చాలడం లేదనుకుని రామ్‌కిషన్ కూలర్‌లో మరిన్ని నీళ్లు పోశాడు.

శరణమ్మ లోపలికి అడుగు పెట్టగానే అతను తలుపును భుజంతో నెట్టి మూశాడు. తడికి అప్పటికే ఉబ్బిన చెక్క తలుపు ద్వారబంధంలో బిర్రుగా ఇరుక్కుంది. ఆ సంగతి ఎవరూ గమనించలేదు.

"గిదేందన్నా, ఇడ్లీ గిన్నెల కూసున్నట్టుంది?" అంది శరణమ్మ. తుడుచుకున్న చోటే ఆమెకు మళ్లీ చెమట పట్టింది. నందిని ఒళ్లో పాప గుక్కపట్టి ఏడవసాగింది.

"సల్లదనం ఇప్పుడిప్పుడే ఎక్కుతున్నది చెల్లె."

అంతలో రామ్‌కిషన్ భార్య హనుమమ్మ చాయ్ తెచ్చి బయటినుంచి తలుపు తట్టింది. అతను గుంజాడు. పిడి ఊడి చేతికొచ్చింది, తలుపు రాలేదు.

లోపల పాప ఏడుపు, "ఇడువు, నేను గుంజుత!" అని శరణమ్మ అరుపు విని హనుమమ్మ కేక పెట్టింది.

"ఏందయ్యా! పాపను పంపనని తలుపేసుకుంటివా? వదినె ముంగట ఇజ్జత్ తీస్తివి గదా!"

ఆ కేకకు పక్కింటి వెస్లీ పరుగెత్తుకొచ్చాడు. "మామా, కోపం చేసుకోకు! ముందు ఆమెను బయటికి పంపు, పంచాయితీ తర్వాత చెప్పుకుందాం!" అని తలుపు సందులోంచి బతిమాలాడు. వాకిట్లో జనం పోగయ్యారు.

శరణమ్మ వియ్యంకుడి వైపు తిరిగింది. "నిజం చెప్పన్నా. పాపను పంపొద్దనే తలుపేసినవా?"

ఊడిన పిడిని చేతిలో పట్టుకుని రామ్‌కిషన్ తల దించుకున్నాడు. "పంపబుద్ధి లేదు చెల్లె, అది నిజమే. కని తలుపు మాత్రం నేను బిగించలే. కూలర్ బిగించింది."

శరణమ్మ తన కోసం వేసిన పీట అందుకుని థర్మాకోల్‌ను పెళ్లున కొట్టింది. రెండో దెబ్బకు కిటికీ రెక్కలు బయటికి తెరుచుకున్నాయి. అటునుంచి వెస్లీ తన్నేసరికి తలుపూ తెరుచుకుంది. వేడిదైనా పొడిగాలి గదిలోకి వచ్చింది, లోపలి ఆవిరి బయటికి దారి పట్టింది. కాసేపటికి కూలర్ ముందు నిలబడిన వాళ్లకు నిజంగానే ఒళ్లు జలదరించింది. పాప ఏడుపు మాని నిద్రపోయింది.

నందిని కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

శరణమ్మ చాయ్ తాగి, కూలర్‌కు ఎదురుగా మంచం వాల్చుకుంది. "బీదర్ల మా ఇంట్ల గింత సల్లగ ఉండదు వదినె. పాప ఈడనే ఉండని," అంది.

రామ్‌కిషన్ కళ్లు తడిశాయి. "ఎన్ని రోజులైన ఉండని చెల్లె!"

"వానలు పడేదాక ఉంటది. దాన్ని ఇడిసి నేనేడ ఉంట? నేను గూడ ఉంట."

అదే రోజు ముందుగదిలోంచి రామ్‌కిషన్ చాప వంటింట్లో పొయ్యి పక్కకు మారింది.