మా ఆవిడ సంతోషం కొలవబోతే

మా ట్రావెల్స్ ఆఫీసులో నా ఉద్యోగం చిత్రమైనది. విహారయాత్రకు వచ్చినవాళ్ల చేతికి పట్టీ కడతాను. అది ఒంటి వేడినీ చెమటనీ బట్టి ఎవరికి ఎక్కడ ఎంత సంతోషం కలిగిందో నా ఫోన్లో గీత గీసి చూపిస్తుంది. ఊరందరి సంతోషం నాకు తెలుసు. ఇంట్లో సంగతే తెలియదు.

పోయినసారి యాత్ర ఎలా ఉందని అడిగితే మా ఆవిడ "బాగానే ఉంది" అంది. ఆ "బాగానే" వింటే కాపురం చేసిన ఏ మగాడికైనా అన్నం సహించదు.

అందుకే ఈసారి కొండమీదికి బయల్దేరేముందు కొత్త గడియారమని చెప్పి ఒక పట్టీ ఆమె చేతిలో పెట్టాను.

"ముళ్లు లేవేంటండీ?"

"ఇప్పటి ఫ్యాషన్."

"సరే, పెట్టుకుంటాలెండి" అంది. అంత తేలిగ్గా ఒప్పుకున్నప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

కొండమీద చలి. ఆమె స్వెట్టరు చేతులు వేళ్లదాకా ఉన్నాయి. జలపాతం దగ్గర ఫోన్ తీశాను. గీత బల్లపరుపుగా ఉంది. పడవ ఎక్కించాను. అదే గీత. గుర్రం ఎక్కించి, నేనూ ఇంకోటి ఎక్కి, కింద పడ్డాను. అయినా చలనం లేదు. మొగుడు గుర్రం మీంచి పడినా సంతోషం కలగలేదంటే వ్యవహారం బాగా ముదిరిందని దిగులు పట్టుకుంది.

మర్నాడు పొద్దున్న లాడ్జిలో పళ్లు తోముకుంటుంటే ఫోన్ మోగింది. గీత అమాంతం పైకి లేచింది. నోట్లో నురగతోనే పరుగెత్తుకొచ్చాను.

"ఇప్పుడేం జరిగింది? ఎందుకంత సంతోషం?"

"ఎవరికి?"

"నీకే."

"నాకేం లేదు. స్టీలు సీసాలో వేడినీళ్లు పోశానంతే."

ఆ సీసా మెడకి నా పట్టీ కట్టి ఉంది.

"మీరు ఇంటికి తెచ్చే పట్టీలన్నీ తుడిచి చార్జింగు పెట్టేది ఎవరనుకున్నారు?" అంది.

మంచంమీద కూలబడ్డాను. "పోనీ, నోటితో చెప్పు. సంతోషంగా ఉన్నావా?"

"జలపాతం దగ్గర ఏడ్చాను."

"ఎందుకు?"

"బాగుందని. ఎన్నాళ్లనుంచో చూడాలనుకున్నాను కదా. మీ భుజం తట్టి చూడండన్నాను. ఒక్క నిమిషం ఆగు అన్నారు."

అలా అన్నట్టు నాకు గుర్తులేదు. ఆ జలపాతమూ గుర్తులేదు. ఆమె కళ్లనిండా నీళ్లతో పక్కన నిలబడి ఉంటే, నేను సీసా సంతోషాన్ని చూసుకుంటూ కూర్చున్నాను.

"మళ్లీ వెళ్దామా?" అన్నాను.

"బస్సుకి టైమయింది."

దారంతా ఆమె కిటికీలోంచి కొండల్ని చూసింది. నేను ఆమెను చూశాను. ఇంటికొచ్చాక ఆమే అడిగింది, యాత్ర ఎలా ఉందని.

"బాగానే ఉంది" అన్నాను.