ఇరుసు మీద నీలిగీత

గురువారం పొద్దున ఓరిన్ హాస్లెట్ వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగాలి, నాన్న వదిలి వెళ్ళిన పందొమ్మిది వందల అరవై ఆరు నాటి కారును ఊరి చివరిదాకా తిప్పి తేవాలి, ఆదివారం దాకా దుప్పటి కప్పి ఉంచాలి. ఆదివారం పక్క ఊరు ఒవాసో మైదానంలో పాతకార్ల పోటీ. ఫ్యాక్టరీ గేటు దాటినప్పుడు ఎలా ఉందో అలాగే ఉన్న బండికి ఇచ్చే బహుమతి రిబ్బను కోసం పదకొండేళ్ళుగా కాచుక్కూర్చున్నాడు. నాన్నకు బతికుండగా ఏమీ చేయలేదు, ఇదైనా చేయాలని అతని తాపత్రయం.

అయితే ముందురోజే డాక్టరు అతనికి కొత్త చెవిమిషన్లు తగిలించాడు. పదిహేనేళ్ళుగా మందగించిన చెవులు. బండి నలభై మైళ్ళ వేగం అందుకోగానే వెనక సీటు కిందనుంచి "కుయ్య్..." అని సన్నగా మొదలైంది. ఓరిన్ మెల్లగా ఇంటికి తోలుకొచ్చి పక్కింటి డెల్మార్‌ను కేకేశాడు. డెల్మార్ రిటైరైన మెకానిక్కు. విప్పడానికి బండి దొరికితే తిండి కూడా మానేస్తాడు.

"ఇరుసులో పళ్ళచక్రాలు అరిగాయిరా. ఆదివారం దారిలోనే బిగుసుకుపోతాయి."

"ఫ్యాక్టరీ సరుకు పీకేస్తే జడ్జీలు ఊరుకుంటారా?"

"లోపలివి ఎవడు చూడొచ్చాడు? ఆ ఏటి జతే నా షెడ్డులో ఉంది, డబ్బా కూడా విప్పలేదు."

ఓరిన్ భార్య లొరెట్టా వంటింటి కిటికీలోంచి తల బయట పెట్టింది. "ఆ మోత ఎప్పుడూ ఉన్నదేగా! నీకే ఇవాళ చెవులొచ్చాయి."

"బళ్ళ సంగతి నీకేం తెలుసు?" అని కసిరాడు ఓరిన్.

శుక్రవారానికి పళ్ళచక్రాలు మారాయి, మోత ఆగింది. ఆ సంబరంలో ఓరిన్ కిరోసిన్ గుడ్డ తీసుకుని ఇరుసంతా తళతళలాడేలా తుడిచాడు. ఆ తర్వాత గుడ్డ చూశాడు. దానికి నీలిరంగు అంటుకుని ఉంది. ఫ్యాక్టరీలో తనిఖీ చేసినవాళ్ళు పెట్టిన గుర్తు అది. యాభై ఏళ్ళ పైగా వానకూ బురదకూ పోనిది, జడ్జీలు అద్దం పెట్టి మరీ వెతికేది. ఓరిన్ గుడ్డ పట్టుకుని డెల్మార్ దగ్గరికి పరిగెత్తాడు.

"ఫోటో ఉందిగా, చూసి గీసేద్దాం," అన్నాడు డెల్మార్. కానీ అతని రాత అతనికే అర్థం కాదు, ఓరిన్ రాత అంతకన్నా అధ్వానం. చివరికి ముప్పై ఏళ్ళు బడిలో పాఠాలు చెప్పిన లొరెట్టాయే బండి కింద వెల్లకిలా పడుకుని, ఇద్దరినీ తిట్టుకుంటూ, ఒక నీలిగీతా పక్కన రెండు పొడి అక్షరాలూ రాసింది. ముత్యాల్లాంటి దస్తూరి.

ఆదివారం వచ్చిన జడ్జి ఎనభై దాటిన ముసలావిడ. కర్రకు కట్టిన అద్దాన్ని ఇరుసు కిందికి పోనిచ్చి చాలాసేపు చూసింది.

"ఈ గుర్తు ఎవరు పెట్టారు నాయనా?"

"ఫ్యాక్టరీలోనే పెట్టారు మేడమ్."

"ఫ్యాక్టరీలో పెట్టినదాన్ని నేనేనయ్యా. ఇర్మా పలాస్కీని. ఇరుసులు వచ్చి మీద పడుతుంటే ఇంత కుదురుగా రాసేదాన్నా? కోడి గెలికినట్టుండేది నా రాత."

ఓరిన్ ముఖం మాడిపోయింది. చెవిమిషన్ల దగ్గర్నుంచి కిరోసిన్ గుడ్డ దాకా అంతా కక్కేశాడు. ఆవిడ నవ్వలేదు.

"నీలిగీత అంటే ఏమనుకున్నావు? తిప్పి విన్నాను, కూస్తోంది, ప్రమాదమేమీ లేదు, పంపించెయ్యండి అని. ఆ కూత దానికి పుట్టుకతో వచ్చింది. గీత చెరిగిపోయినా, ఆ కూత వినిపించి ఉంటే రిబ్బను నేనే కట్టేదాన్ని."

అప్పుడు గుర్తొచ్చింది ఓరిన్‌కు. చిన్నప్పుడు వెనక సీట్లో పడుకుంటే కిందనుంచి ఆ కూత, ముందునుంచి దానికి శ్రుతి కలిపి నాన్న ఈల. అవి వింటూనే నిద్రపోయేవాడు. మొన్న వినగానే గుర్తుపట్టాల్సింది. గుర్తుపట్టకపోగా జబ్బనుకున్నాడు. రిబ్బను పోయినందుకు కాదు, అందుకు ఏడుపొచ్చింది.

"ఒరేయ్ డెల్మార్, ఆ పాత పళ్ళచక్రాలు ఎక్కడ పెట్టావురా?"

పోటీకి తోడొచ్చిన డెల్మార్ టోపీ తీసి చేతిలో నలిపాడు. "నిన్న పాత ఇనుము లారీ వచ్చిందిరా..."

తిరుగుదారిలో బండి నలభై దాటింది, యాభై దాటింది, చప్పుడు లేదు. ఓరిన్ నాన్నలా ఈల వేయబోయాడు గానీ శ్రుతి అందలేదు. వినడానికి ఆ కూతే లేదని చెవిమిషన్లు తీసి జేబులో వేసుకున్నాడు.

వాటికి డాక్టరు రెండేళ్ళ గ్యారంటీ ఇచ్చాడు.