ఆయా పాత్రలో పిన్ని

ఇంగ్లండు వలస చరిత్రలోని ముఖ్యమైన మాటలన్నీ ఏరి, వాటి వెనకున్న కన్నీళ్లను తెలుగు జాతికి అందజేస్తామని అల్ఫారెట్టా తెలుగు వికాస సమితి అధ్యక్షులు డాక్టర్ భీమశంకరం గారు వాట్సాప్ ముఖంగా ప్రకటించారు. అమెరికాలో, ఈ జార్జియాలో కూర్చుని ఇంగ్లండు గోల మనకెందుకండీ అని గ్రూపులో ఒకాయన అడిగాడు.

"ఇక్కడి వలస గురించి మాట్లాడితే మన పిల్లల గ్రీన్‌కార్డులకి రిస్కు. ఇంగ్లండైతే సేఫ్," అన్నారు డాక్టరు గారు.

అబ్బ, ఏం ముందుచూపు! ఊరికే నాలుగుసార్లు ఏకగ్రీవంగా ఎన్నికవుతారా ఎవరైనా!

వీకెండ్లన్నీ త్యాగం చేసి ఆయన రీసెర్చ్ చేశారు. 'ఏలియన్' అంటే పరాయివాడు. 'డెనిజన్' అంటే సగం హక్కులిచ్చి సర్దుకోమంటే సర్దుకున్నవాడు. 'లష్కరు' అంటే తెల్లవాళ్ల ఓడల్లో చాకిరీ చేసిన మన నావికుడు. 'ఆయా' దగ్గరికొచ్చేసరికి మాత్రం ఆయన గుండె చెరువైంది. ఓడ ప్రయాణంలో పిల్లల్ని చూసుకోవడానికి దొరసానులు మన ఆడవాళ్లను వెంట తీసుకెళ్లేవారట. లండన్ చేరాక కొందరిని అక్కడే వదిలేసేవారట.

"తిరుగు టికెట్టు కూడా ఇవ్వకుండా, రాధా! మనుషులేనా వీళ్లు!" అని కళ్లు తుడుచుకున్నారు.

"మెల్లిగా అనండి, బాబు లేస్తాడు," అన్నారు భార్య రాధారాణి గారు.

బాబు, అంటే వాళ్లమ్మాయి నిధి కొడుకు, చాముండేశ్వరి ఒళ్లో నిద్రపోతున్నాడు. చాముండేశ్వరిది ముమ్మిడివరం. బిడ్డను చూసుకోవడానికి ఏప్రిల్లో విజిటర్ వీసా మీద రప్పించారు. కాన్సులేట్లో నిధికి పిన్ని అని చెప్పారు గనుక ఇంట్లోనూ పిన్ని అనే పిలుస్తారు. మాట తప్పే వంశం కాదు. పిన్ని వండుతుంది, బాబుకు స్నానం పోస్తుంది, అందరూ తిన్నాక తింటుంది. పాస్‌పోర్టు పారేసుకుంటుందేమోనని డాక్టరు గారే తన లాకర్లో భద్రం చేశారు.

"బాబుగారండీ, ఆర్నెల్లు అయిపోతన్నాయండి. మా పిల్లకి తొలి కానుపు. వచ్చే నెల పదిహేనని చెప్పారంట డాక్టర్లు. నా టికెట్టు..."

"టికెట్టు ఎక్కడికి పోతుంది పిన్నీ? ముందు మన సమితి ఫంక్షన్ కానీ!" అన్నారాయన ఎంతో ఆప్యాయంగా.

ఫంక్షన్లో ఆఖరి ఐటమ్ ఆయాల మీద నాటిక. దొరసాని వేషానికి పదకొండు మంది పోటీపడ్డారు. ఆయా వేషానికి ఒక్కరూ ముందుకు రాలేదు. పట్టుచీరలు కట్టుకొచ్చి నేల మీద ఎవరు కూర్చుంటారు? చివరికి దొరసానిగా రాధారాణి గారు, ఆయాగా పిన్ని ఖాయమయ్యారు. పిన్నికి డైలాగు ఒక్కటే: "అమ్మగారూ, నన్ను ఇంటికి పంపండి."

నాలుగొందల మంది చూస్తుండగా రాధారాణి గారు టోపీ సవరించుకుని, "నీ పనైపోయింది, పో!" అన్నారు. పిన్ని మైకు దగ్గరికొచ్చింది.

"అమ్మగారూ, నన్ను ఇంటికి పంపండి. పంపుతానని చెప్పే కదండీ తెచ్చారు? నొప్పులొచ్చినప్పుడు నేను పక్కన లేకపోతే నా బిడ్డ ఎవర్ని కేకేసుద్దండి? నా పాస్‌పోర్టు బాబుగారి లాకర్లో ఉందండి. మీకు పుణ్యముంటది, ఎవరన్నా ఇప్పించండి."

ముందు వరసలో భీమశంకరం గారికి ముచ్చెమటలు పోశాయి. ఇంతలో వెనక నుంచి ఎవరో చప్పట్లు కొట్టారు. అంతే, హాలంతా లేచి నిలబడింది.

"ఎంత నేచురల్‌గా చేసిందండీ!"

"పాస్‌పోర్టు, లాకరు పెట్టి భలే మోడ్రన్ టచ్ ఇచ్చారు డాక్టరు గారూ!"

డాక్టరు గారు ఒక్క క్షణం ఆలోచించి, వినయంగా నమస్కారం పెట్టారు. ఆయాల విషయంలో బ్రిటన్ క్షమాపణ చెప్పి తీరాలని తీర్మానం పాసైంది. పిన్నికి శాలువా కప్పారు.

"అయితే పంపుతారాండీ?" అంది పిన్ని. మైకు ఆన్‌లోనే ఉంది. మళ్లీ చప్పట్లు.

టెక్సాస్ నుంచి వచ్చిన కాపెల్ తెలుగు సంఘం వాళ్లు దీపావళికి అదే నాటిక, అదే ఆయాతో కావాలని అక్కడికక్కడే బుక్ చేసుకున్నారు.

సోమవారం పొద్దున భీమశంకరం గారు లాకరు తెరిచి పాస్‌పోర్టు బయటికి తీశారు. పిన్ని పరుగున వెళ్లి పెట్టె సర్దుకుని వచ్చింది. ఆయన పాస్‌పోర్టు నంబరు చూసి వీసా ఎక్స్‌టెన్షన్ ఫారం నింపుతున్నారు. గడువు ఎందుకు పొడిగించాలి అన్నచోట ఇంగ్లీషులో రాసి, పిన్నికి అర్థం కావాలని తెలుగులో చదివి వినిపించారు:

"మనవణ్ని వదిలి వెళ్లడానికి నాకు మనసొప్పడం లేదు."

ఆ తర్వాత పెన్ను చేతికిచ్చి, సంతకం ఎక్కడ పెట్టాలో వేలితో చూపించారు.