చిన్నది అడుగేసేలా ఉంది

ఆ రోజు పొద్దున్న ఆ ఇంట్లో అనుకున్న ఏర్పాటు ఒక్కటే: మధ్యాహ్నం ఒంటిగంటకల్లా ఆయన ఇంటికి రావాలి.

చిన్నదానికి పదకొండు నెలలు నిండాయి. రెండు రోజులుగా కుర్చీ కాలు పట్టుకుని లేస్తోంది, చేతులు వదిలేసి ఇల్లంతా తనదే అన్నట్టు ఒకసారి చూస్తోంది, ఆ తర్వాత చతికిలబడుతోంది. ఇవాళో రేపో అడుగేసేస్తుంది. వాళ్ళమ్మ బల్ల అంచులకు పాత దుప్పటి పేలికలు చుట్టింది. స్నానాలగది తలుపుకు గొళ్ళెం పెట్టింది, పెట్టానో లేదో అని మూడుసార్లు వెళ్ళి చూసి వచ్చింది. ఇంత చేసినా ఆమె అసలు దిగులు చిన్నది పడుతుందేమోనని కాదు. పడకుండా నడిచేస్తే ఆయన చూడడేమోనని.

పెద్దదాని విషయంలో అదే జరిగింది. దాని మొదటి అడుగు ఆయన ఆఫీసులో కూర్చుని ఫోనులో విన్నాడు. "వినపడిందాండీ?" అని ఆమె అడిగితే "ఆ, బాగా వినపడింది" అన్నాడు. అడుగు ఫోనులో వినపడదని ఇద్దరికీ తెలుసు. ఇప్పుడు పెద్దది బడికి వెళ్తోంది, మెట్లు రెండేసి చొప్పున దూకుతోంది. ఆ ఫోను మాట మాత్రం ఇన్నేళ్ళలో ఇద్దరూ ఎత్తలేదు.

ఆయన పనిచేసేది దూరచూపు విభాగంలో. పదేళ్ళలో దేశం మీదికి ఏ ముప్పు రావచ్చో, దాన్ని ఎలా కనిపెట్టాలో రాసిన లావుపాటి ప్రణాళిక ఒకటి అక్కడ ఉంటుంది. నిఘా సంస్థలు ఏటా "మాకు ఇన్ని పడవలు కావాలి, ఇంతమంది మనుషులు కావాలి" అని రాసే చీటీలు వేరే ఉంటాయి. ప్రతి చీటీనీ ప్రణాళికలోని ఏదో ఒక వాక్యానికి ముడిపెట్టడం ఆయన ఉద్యోగం. చీటీ మూలన ఆ వాక్యం సంఖ్య వేయాలి. ముడిపడని చీటీకి మనిషీ రాడు, పడవా రాదు. అందుకే ఆఫీసులో అందరూ ఆయన్ని ముడిగారు అంటారు. ముడిపెట్టడం మాటేమో గాని, ఆరేళ్ళుగా నిఘా సంస్థలు ఒకదాని ముఖం ఒకటి చూడకుండా, ఎవరి వాక్యం వాళ్ళు పట్టుకుని వేలాడుతున్నాయి.

ఆ జబ్బు ఇంటికీ పాకింది. వంటింట్లోకి కొత్త చాకు కావాలన్నా ముడిగారు "ఇది ఏ దీర్ఘకాల లక్ష్యం కింద?" అంటాడు. ఆమె చదువు ఎనిమిదో తరగతితో ఆగిపోయింది, అయితేనేం, కాపురం చేసి చేసి ఆ భాష పట్టేసింది. నోటితో చెప్పింది ఆయన గుమ్మం దాటేలోపు మరిచిపోతాడు. చీటీ రాసిస్తే మరవడు. అందుకని ఆ పొద్దున్న, ఆయన ఇంటికి తెచ్చి పడేసిన పాత చీటీల్లోంచి ఒక ఖాళీది తీసి, గుండ్రటి అక్షరాలతో రాసింది:

"చిన్నది అడుగేసేలా ఉంది. మొదటి అడుగు చూడకపోతే మళ్ళీ దొరకదు. ఇవాళ ఒక పూట ఒక మనిషి కావాలి."

మూలన 1.1 అని వేసింది. ప్రణాళికలో మొదటి వాక్యం ఆమెకు కంఠతా వచ్చు: రాబోయేదాన్ని అది వచ్చేలోపే చూడాలి.

ముడిగారు చదివి నవ్వాడు. "అబ్బో, 1.1 వేశావే! ఆ సంఖ్య వేయడానికి మా పెద్దసారే జంకుతాడు."

"వేయకపోతే మీరు వస్తారా?"

"వస్తానంటున్నాగా."

"పెద్దదానప్పుడూ ఇలాగే అన్నారు."

ఆయన నవ్వు ఆగిపోయింది. చీటీ మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. "ఒంటిగంటకి నీ ఎదురుగా ఉంటా. అప్పటిదాకా దాన్ని కూర్చోబెట్టు."

"కూర్చోబెడితే కూర్చుంటుందా అది? మీ పోలికాయె!"

ఆఫీసు మెట్ల మీద ఎప్పటిలాగే ముగ్గురు అధిపతులు కాపు కాసి ఉన్నారు. నీళ్ళ మీద నిఘా చూసే ఆయన్ని పడవలాయన అనీ, పైనుంచి ఫొటోలు తీయించే ఆయన్ని ఆకాశం ఆయన అనీ, ఎవరెవరి మాటలో వినే సంస్థ ఆయన్ని చెవులాయన అనీ పిలుస్తారు. వరసలో నిలబడి చీటీ ఇవ్వడం వాళ్ళకు నామోషీ. మెట్ల మీదే ముడిగారి జేబులో దూర్చేసి, భుజం తట్టి పోతారు. ముడిగారు లోపలికి వెళ్ళి రిజిస్టరు ఆవిడ బల్ల మీద జేబు దులిపేస్తాడు. ఆ రోజూ దులిపాడు. మొత్తం పది చీటీలు పడ్డాయి. ఆవిడ పదింటికీ ముద్ర కొట్టింది.

ముద్ర పడిన చీటీని వెనక్కి తీయాలంటే సంస్థలన్నీ ఒప్పుకోవాలి. 1.1 వేసిన చీటీ అయితే నకళ్ళు వెంటనే అందరికీ వెళ్ళిపోతాయి. పదకొండింటికి ముడిగారు ఇంటి సంగతి గుర్తొచ్చి జేబు తడుముకున్నాడు. జేబులో పెన్ను తప్ప ఏమీ లేదు. అంతలోనే పెద్దసారు గదిలోంచి పిలుపు వచ్చింది.

లోపల ముగ్గురు అధిపతులూ కూర్చుని ఉన్నారు. ముగ్గురి చేతుల్లోనూ గుండ్రటి అక్షరాల నకలు ఉంది. చిన్నదంటే ఏమిటో ముగ్గురిలో ఒక్కరికీ తెలియదు. తెలియదని ఒప్పుకునే అలవాటు ఆ ఉద్యోగాల్లో ఎవరికీ లేదు.

"చిన్నదాన్ని మేం ఏడాదిగా గమనిస్తూనే ఉన్నాం" అన్నాడు పడవలాయన. "ఏ క్షణాన్నయినా నీళ్ళలోకి దిగొచ్చు. అందుకే రెండు పడవలు అడిగాం, మీరే ఇవ్వలేదు."

ముడిగారికి స్నానాలగది గొళ్ళెం గుర్తొచ్చింది.

"మీకు ఏడాది, మాకు ఏడాదిన్నర" అన్నాడు ఆకాశం ఆయన. "పైనుంచి చూస్తే స్పష్టంగా కనపడుతోంది. మొన్నటిదాకా పాకేది."

"పాకడం దాకా నిజమేనండీ" అని ముడిగారి నోట్లోంచి జారిపోయింది.

"చూశారా! ఆయన కూడా అంటున్నాడు."

"అది కాదండీ. అయ్యా, చిన్నది మాదండీ..."

"అందరూ మాదే అంటున్నారు, నువ్వూ మొదలెట్టకు" అన్నాడు పెద్దసారు.

ఒంటిగంట కొట్టింది. ముడిగారు గోడ గడియారం వైపు చూశాడు, తలుపు వైపు చూశాడు. ఆ గదిలోకి ఎవరి ఫోనులూ తేకూడదు. మొత్తం అంతస్తుకు ఉన్న ఒక్క ఫోనూ రిజిస్టరు ఆవిడ బల్ల మీద ఉంటుంది. ఒంటిగంటా ఇరవైకి ఆవిడే ఒక కాగితం పట్టుకుని లోపలికి వచ్చింది.

"ఇప్పుడే కబురు వచ్చిందండీ. చదవమంటారా? 'చిన్నది రెండు చేతులూ వదిలేసింది. ఎవరి సాయం లేకుండా నిలబడింది. ఇక ఎంతోసేపు ఆగేలా లేదు.'"

"ఎవరిచ్చారు కబురు?" అన్నాడు పెద్దసారు.

"పేరు చెప్పలేదండీ. ఆడగొంతు. కంగారుగా ఉంది."

చెవులాయన అప్పటిదాకా మాట్లాడలేదు. ఇప్పుడు కాలు మీద కాలు వేసుకున్నాడు. "మా ఆవిడే."

ముడిగారు ఉలిక్కిపడ్డాడు. "కాదండీ. మా ఆవిడ!"

"మీ ఆవిడెలా అవుతుందయ్యా? అక్కడ నిలబెట్టింది మేము. మా ఆవిడే."

"మీరిద్దరూ ఊరుకోండి" అన్నాడు పడవలాయన. "ఆ కంగారు నాకు బాగా తెలుసు. ఆవిడ ముందునుంచీ మా ఆవిడ."

"ఆవిడ మాకు కూడా పనిచేస్తోంది" అన్నాడు ఆకాశం ఆయన, కాస్త సిగ్గుపడుతూ.

ముడిగారు ఇక తట్టుకోలేకపోయాడు. లేచి నిలబడ్డాడు. "అయ్యా! అది మా పాప. పదకొండు నెలలు. అడుగెయ్యబోతోంది. చీటీ మా ఇంట్లో రాసింది. నన్ను ఇంటికి పంపండి!"

ముగ్గురు అధిపతులూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చెవులాయన మెచ్చుకోలుగా తల ఊపాడు. "పాప. పదకొండు నెలలు. సంకేతాలు బాగా కుదిరాయి. రాసుకోండి."

పెద్దసారు ముడిగారి మోచెయ్యి పట్టుకుని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాడు. గొంతు తగ్గించాడు. "నాకు పొద్దున్నే తెలుసయ్యా. ఏ సంస్థలో అయినా అంత గుండ్రంగా ఎవడు రాస్తాడు?"

"తెలిసి కూడా..."

"ఆరేళ్ళు. ఆరేళ్ళుగా ఈ ముగ్గుర్నీ ఒక్క వాక్యానికి ముడిపెట్టాలని నువ్వూ నేనూ చావలేదూ? ఇవాళ వాళ్ళంతట వాళ్ళే ఒకే వాక్యం కింద కూర్చున్నారు. పడవలు ఎవరికి, మనుషులు ఎవరికి, కెమెరాలు ఎవరికి, అన్నీ కలిపి ఒకే కాగితం మీద. నీ పాప పుణ్యం. సంతకాలు పెట్టించనీ. ఒక్క గంట."

"అది గంట ఆగదండీ."

"అరగంట. కిందికి వెళ్ళి ఒప్పందం నాలుగు కాపీలు తీసుకురా. సంతకాలు కాగానే నా కారులో వెళ్దువుగాని."

కాపీల మిషను నేలమాళిగలో ఉంది. ముడిగారు మెట్లు రెండేసి చొప్పున దూకాడు. మిషను మొదటి కాగితం మింగి, రెండోది నలిపి, ఎర్ర దీపం వెలిగించి మొరాయించింది. ఆయన దాని మూత తీసి, మోకాళ్ళ మీద కూర్చుని, నలిగిన కాగితాన్ని ముక్కముక్కగా లాగుతూ, "లేవకమ్మా, లేవకు, కాసేపు కూర్చో, నా తల్లివి కదూ" అని బతిమాలాడు. వింటున్నది మిషను ఒక్కటే.

సరిగ్గా అప్పుడే గేటు దగ్గర ఆమె ఆటో దిగింది. ఆయన రాకపోతే చిన్నదాన్నే ఆయన దగ్గరికి తీసుకెళ్ళాలని ఒకటిన్నరకు నిర్ణయించుకుంది. దారి పొడుగునా దాని పాదాలు రెండూ పిడికిట్లో పట్టుకునే కూర్చుంది, ఒళ్ళోనే అడుగేసేస్తుందేమో అన్నట్టు.

"ఎవరు కావాలమ్మా?" అన్నాడు కాపలాదారు.

"లోపల మా ఆయన ఉన్నారన్నా. చిన్నది వచ్చిందని చెప్పండి చాలు."

కాపలాదారు వాళ్ళను ముందు హాల్లో కూర్చోమని, పైకి ఫోను చేశాడు. రిజిస్టరు ఆవిడ గదిలోకి పరుగున వచ్చి చదివింది. "చిన్నది గేటు దగ్గరికి వచ్చేసింది!"

కుర్చీలు ఒక్కసారిగా వెనక్కి జరిగాయి. పడవలాయన ముందు, ఆకాశం ఆయన వెనక, వాళ్ళ వెనక చెవులాయన, పెద్దసారు, అందరూ మెట్లు దిగి ముందు హాల్లోకి ఉరికి, అక్కడ ఆగిపోయారు. నున్నటి నేల మీద పసుపు గౌనులో చిన్నది నిలబడి ఉంది. వాళ్ళమ్మ రెండడుగుల దూరంలో చేతులు చాచి వంగి ఉంది.

చిన్నది ఆ పెద్ద మనుషులందర్నీ ఒక్కొక్కర్నే చూసింది. పడవలాయన మెడలో వేలాడుతున్న నీలం రంగు గుర్తింపు కార్డు దానికి నచ్చింది. అడుగేసింది. ఒకటి. ఊగింది. రెండు. మూడు. నాలుగోదానికి నేల మీద కూలబడి, తన ప్రతాపానికి తనే చప్పట్లు కొట్టింది.

ఆ ముగ్గురూ కూడా కొట్టారు. ఆకాశం ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. తల్లి నవ్వుతూనే చుట్టూ చూసింది, ప్రతి ముఖమూ చూసింది, నవ్వు కొంచెం కొంచెంగా తగ్గిపోయింది. "వాళ్ళ నాన్నేరండీ?"

అధిపతులు ఒకరి వైపు ఒకరు చూసుకున్నారు.

నేలమాళిగ తలుపు తెరుచుకుంది. ముడిగారు వేడివేడి కాపీలు గుండెకు హత్తుకుని, చేతులనిండా సిరాతో బయటికి వచ్చాడు. కింద కూర్చున్న కూతుర్ని చూశాడు, భార్యను చూశాడు. అడగవలసిన పని లేకపోయింది, అయినా అడిగాడు.

"ఎన్ని?"

"మూడు" అంది ఆమె.

ఆయన కాపీలు నేల మీద పెట్టి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. చేతులు చాచాడు. "రా అమ్మా. ఒక్కటి. నాన్న దగ్గరికి ఒక్కటే ఒక్కటి." చిన్నది ఆయన్ని చూసి నవ్వింది, పాక్కుంటూ వచ్చి ఒళ్ళో ఎక్కింది, సిరా అంటిన తన వేలు నోట్లో పెట్టుకోబోయింది. ఆమె ఆ వేలు లాగి తన కొంగుతో తుడిచింది. చిన్నదాని వేలు తుడిచాక ఆయన చేతులు కూడా తుడిచింది, అవసరమైనదానికంటే కాస్త ఎక్కువసేపు.

సంతకాలు అక్కడే అయిపోయాయి. చిన్నది చిన్నదేనని ముందే చెప్పామని ముగ్గురూ అన్నారు. పడవలాయనకు పడవలు వచ్చాయి. 1.1 కింద జరిగిన ఏ కదలిక మీదైనా ప్రతి సంస్థా సాయంత్రంలోగా విడివిడిగా నివేదిక ఇవ్వాలి, వాటిని కలిపి ముడిపెట్టవలసింది ముడిగారు. ఆయన ఆ మూడింటినీ ఇంటికి తెచ్చుకుని, చిన్నదాన్ని ఒళ్ళో పడుకోబెట్టుకుని, భార్యకు వినపడేలా చదివాడు. మొదట పడింది ఎడమ కాలని పడవలాయన, కుడి కాలని ఆకాశం ఆయన. ఏ కాలో తెలియదుగాని చప్పుడు మెత్తగా వచ్చిందని చెవులాయన. ముడిగారు మొదటి పేరా రెండుసార్లు చదివాడు, ఆమె కూడా రెండుసార్లు విన్నది.

మూడు నివేదికలూ అక్షరం పొల్లుపోకుండా కలిసింది చివరి వాక్యంలోనే: "ఘటన సమయానికి తండ్రి ఆచూకీ తెలియరాలేదు."