మేజోడు బరువెంత?

ఆ సోమవారం పొద్దున ఇంజనీరు గారు వేసుకున్న ప్లాను చాలా చిన్నది. టీ తాగాలి, బొటనవేలంత మోటారు ఎంత బరువు లాగుతుందో చూడాలి, స్నానం చేసి ఆఫీసుకు పోవాలి. నిజానికి ఆయన ఇంజనీరు కాడు. ఇన్సూరెన్సు ఆఫీసులో క్లెయిముల గుమాస్తా. ఎదుటివాడు విరిగిన కాలికి కట్టుతో వచ్చి ఎక్స్‌రే చూపించినా, ఏదీ ఓసారి నడవండి అనే రకం. ఇంటికొస్తే మాత్రం చిన్న చిన్న రోబోలు చేస్తూ ఉంటాడు. చేస్తూ ఉంటాడంతే, ఇంతవరకు ఒక్కటీ పూర్తయింది లేదు. ఆ సంగతి మేడలో అందరికీ తెలుసు కాబట్టే వెటకారంగా ఆ బిరుదు తగిలించారు. ఆయన దాన్ని సగౌరవంగా పుచ్చుకున్నాడు.

ఈసారి వ్యవహారం ముదిరింది. ఆయన భార్య స్కూలు యూనిఫారాలు కుడుతుంది. హాల్లో కుట్టుమిషను, దాని చుట్టూ గుడ్డల గుట్టలు, ఆ గుట్టల మధ్య దారి చేసుకుని భోజనాలు. వెనక గదిలో మాత్రం తీగలూ మరలూ, మొండి చేతులూ, తల లేని బొమ్మలూ కాళ్లు చాపుకుని పడుకున్నాయి. ఆవిడ ఓపిక పట్టీ పట్టీ చివరికి ఒక షరతు పెట్టింది. ఆదివారం పొద్దున రోబో చెయ్యి బల్ల మీది టీ కప్పు ఎత్తి తనకు అందించాలి. అందిస్తే ఆ గది ఆయనది, జన్మలో మళ్లీ అడగదు. లేదా, మిషను లోపలికి, మోటార్లు పాత సామాన్లవాడికి.

"నిండు కప్పేనా?" అన్నాడు ఆయన, క్లెయిముల అలవాటు కొద్దీ.

"నిండు కప్పే. తొణక్కూడదు," అంది ఆవిడ.

ఆయన దగ్గర రెండు మోటార్లున్నాయి. పెద్దది బలమైనదే కానీ చేతిలో ఇరుకుగా కూర్చుంటుంది. చిన్నది చక్కగా ఇముడుతుంది, బలమే అనుమానం. దాని సంగతి తేలాలంటే దారం చుట్టుకునే చక్రం కావాలి, దారం జారే కప్పీ కావాలి, కచ్చితమైన బరువులు కావాలి. రోబో సామాన్ల కొట్టువాడు అవన్నీ వచ్చే నెలలో తెప్పిస్తానన్నాడు. ఇక చేసేదేముంది, ఇల్లు గాలించాడు. కుట్టుమిషను బాబిను మోటారు ఇరుసుకు కాస్త వదులైతే మధ్యలో పెన్ను రీఫిల్ ముక్క దూర్చాడు, కొలిచి చేయించినట్టు కుదిరింది. కర్టెను పట్టాలోంచి ఓ బుల్లి చక్రం పీకితే కప్పీ అయింది. కర్టెను ఓ పక్కకు ఒరిగిపోయింది, అది వేరే సంగతి. వంటింట్లో చుట్టాల కోసం దాచిన బిస్కెట్ ప్యాకెట్లు కనిపించాయి. ప్రతిదాని మీదా వంద గ్రాములని అచ్చు వేసి ఉంది. అచ్చులో ఉన్నదాన్ని ఆఫీసులో చచ్చినా నమ్మడు, ఇంట్లో నమ్మేశాడు. వేలాడదీయడానికి సంచీ దొరక్క తన మేజోడులో పెట్టాడు. ఉతికినదే.

మోటారును గదిలో బల్లకు బిగించి, కప్పీని బాల్కనీ రెయిలింగుకు కట్టి, దాని మీదుగా మేజోడును కింది ఇంటి బాల్కనీ దాకా దించాడు. లోపలికొచ్చి తీగలు కలిపాడు, మీటరు సరిచేశాడు, కళ్లజోడు వెతుక్కున్నాడు, అది నెత్తి మీద దొరికింది. అప్పుడు స్విచ్చి వేశాడు. మోటారు గిర్రున తిరిగింది. మేజోడు ఎగిరొచ్చి కప్పీకి గుద్దుకుంది.

దాన్ని దారం నుంచి విప్పి, లోపలికి చూడకుండా అలాగే మూలనున్న బకెట్లో పడేస్తున్నప్పుడు చేతికి తేలిగ్గా తగిలిందా అంటే, తగిలింది. మోటారు అంత బలంగా లాగింది కాబట్టే తేలికయిందని ఆయన తీర్మానించాడు. సంతోషంలో ఉన్న మనిషికి లెక్కలు అలాగే తోస్తాయి.

మర్నాడు వేరే మేజోడు, రెండు ప్యాకెట్లు. ఆ మర్నాడు ఇంకోటి, మూడు ప్యాకెట్లు. మోటారుకు చీమ కుట్టినట్టయినా లేదు. ఇంజనీరు గారు ఛాతీ విరుచుకుని కొట్టుకు వెళ్లి పెద్ద మోటారు వాపసు ఇచ్చేశాడు. తిరిగొస్తుంటే మెట్ల దగ్గర కింది ఇంటి మామ్మగారు ఎదురై "చల్లగా ఉండు నాయనా" అంది. పొద్దుటెండకు బాల్కనీలో కుర్చీ వేసుకుని కూర్చునే ఆ పెద్దావిడ, వేళాపాళా లేకుండా డ్రిల్లు వేస్తాడని ఆయన్ని చూస్తేనే మొహం తిప్పుకునేది. విజ్ఞానానికి జనంలో ఆదరణ పెరుగుతోందని ఆయన మురిసిపోయాడు.

గురువారం భార్య బకెట్లోని మేజోళ్లు ఉతకడానికి తీసుకెళ్లింది. ఆ సాయంత్రం నుంచి ఇంటి వాతావరణం మారిపోయింది. టీలో చక్కెర మాయమైంది. కూరల్లో నూనె తగ్గింది. కసురుకోవడం పూర్తిగా పోయింది.

"ఏమండీ, కాళ్లేమైనా తిమ్మిర్లెక్కుతున్నాయా?" అని మెల్లగా అడిగింది.

రోజూ బల్ల ముందు ముడుచుకు కూర్చునేవాడికి తిమ్మిర్లు కాక ఏముంటాయి? అవునన్నాడు. రాత్రిళ్లు మాటిమాటికీ లేస్తున్నారా అంటే, లేస్తున్నాను, మోటారు గుర్తొచ్చినప్పుడల్లా అన్నాడు. దాహం వేస్తోందా అంటే, ఈ చప్పిడి తిండికి వేయక ఏం చేస్తుందన్నాడు. ఆవిడ అటు తిరిగి కళ్లు తుడుచుకుంది. కోసే ముందు మేకను మేపినట్టు, గది లాక్కునే ముందు తనను మంచి చేసుకుంటోందని ఇంజనీరు గారు జాగ్రత్తపడ్డాడు.

శుక్రవారం మెట్ల మీద మామ్మగారి కోడలు కనిపించి తన గోడు వెళ్లబోసుకుంది. అత్తగారికి షుగరు ఆకాశానికి ఎక్కుతోందట. ఇంట్లో తీపి అనేదే లేదు, అన్నిటికీ తానే తాళం వేసి ఉంచుతోంది. మాత్రలు వేళకు అయిపోతున్నాయి. డాక్టరు రేపో మాపో మోతాదు రెట్టింపు చేస్తానంటున్నాడు.

"మాత్రలు వేసుకుంటున్నారనడానికి రుజువేమిటి?" అన్నాడు ఆయన, నోరూరుకోక.

"పెట్టెలో ఒక్కటీ మిగలడం లేదు కదా అన్నయ్యగారూ."

"అయితే వేసుకుంటున్నట్టే," అని తేల్చేసి ఆయన మెట్లెక్కాడు.

ఆదివారం వచ్చింది. బల్ల మీద రోబో చెయ్యి, దాని ముందు నిండు కప్పు, ఎదురుగా కుర్చీలో ఆవిడ. ఇంజనీరు గారు గొంతు సవరించుకుని స్విచ్చి వేశాడు. చెయ్యి కప్పు చెవి పట్టుకుంది. అంతే. మోటారు మూలిగింది, వణికింది, కాలిన వాసన కొట్టింది. కప్పు లేవలేదు. తొణకనూ లేదు, షరతులో సగం నెగ్గినట్టే.

"మూడు ప్యాకెట్లు లాగిందే ఇది!" అన్నాడాయన, ఏడుపు గొంతుతో. నిజంగానే ఏడుపొచ్చింది. ఆ గదిలో తప్ప తాను ఎక్కడా ఎవరి కాలూ చేయీ అనుమానించకుండా బతకలేదు. అది కూడా పోయింది.

ఆవిడ లేచి వచ్చి ఆయన భుజం మీద చెయ్యి వేసింది.

"గది మీరే ఉంచుకోండి. మిషను హాల్లోనే ఉండనీండి. ఇంకెప్పుడూ ఆ మాట ఎత్తను."

ఇంజనీరు గారికి చెవులను నమ్మబుద్ధి కాలేదు. ఓటమిలోనూ తన గొప్పతనాన్ని గుర్తించిన ఇల్లాలు అనుకుని పొంగిపోయేంతలో ఆవిడ కొంగుముడి విప్పి మాత్రలున్న నాలుగైదు పట్టీ ముక్కలు బల్ల మీద పెట్టింది.

"నాకెందుకు చెప్పలేదు? సాక్సుల్లో దాచుకుని ఒక్కరే మింగుతున్నారా? ఎన్నాళ్ల నుంచి ఈ షుగరు?"

ఆయన మాత్రలు చూశాడు. సాక్సులంది. ఆ సాక్సుల్లో బిస్కెట్లు ఉండాలి. లేవు. చేతికి తేలిగ్గా తగలడం గుర్తొచ్చింది. చల్లగా ఉండు నాయనా గుర్తొచ్చింది. పెట్టెలో ఒక్కటీ మిగలని మాత్రలు గుర్తొచ్చాయి. ఇంత క్లెయిమును ఆఫీసులో అయితే క్షణంలో పట్టేసేవాడు.

పట్టినవాడు వెంటనే నోరు విప్పాడా అంటే, లేదు. భార్య చెయ్యి ఇంకా భుజం మీదే ఉంది. గది ఇంకా తనదే. కాస్త నీరసంగా కుర్చీలో వాలి, ఓ చిన్న దగ్గు కూడా దగ్గాడు. షుగరుకు దగ్గుతో సంబంధం లేదని ఆ సమయంలో తోచలేదు.

అప్పుడు కింది బాల్కనీ నుంచి కోడలి గొంతు వినిపించింది. "అత్తయ్యా, డాక్టరు రెండేసి వేయమన్నారు. నోరు తెరవండి, ఇవాళ నా కళ్లముందే మింగాలి."

ఒక్కటీ మింగని మనిషి చేత ఒక్కసారిగా రెండు మింగించేస్తున్నారు. ఇంజనీరు గారు గదినంతా ఓసారి కలయజూశాడు. తల లేని బొమ్మలు ఆయన వంకే చూస్తున్నట్టున్నాయి. బాల్కనీలోకి ఒక్క దూకు దూకి, ఆగమ్మా, మాత్రలు వేయకు, వస్తున్నా అని కిందికి కేకేశాడు. తర్వాత భార్య వైపు తిరిగాడు.

"నాకు షుగరు లేదు," అన్నాడు.

భార్యతో కిందికి దిగి ఆయన సంగతంతా చెప్పాక, మామ్మగారి దిండుగలీబు దులిపితే రెండు నిండు ప్యాకెట్లు, నాలుగు ఖాళీవి రాలాయి. కోడలు నోరెళ్లబెట్టింది. మామ్మగారు మాత్రం ఏమీ చలించలేదు.

"దొంగతనం చేయలేదమ్మాయ్, తీసుకున్నదానికి బదులు పెట్టాను. అన్నిటి తాళాలూ నీ దగ్గరే ఉన్నాయాయె. నాదంటూ నా దగ్గర మిగిలినవి ఆ మాత్రలే."

"ఎవరు పంపుతున్నారనుకున్నారు మామ్మగారూ?" అన్నాడు ఇంజనీరు గారు.

"పైవాడే అనుకున్నాను నాయనా. దేవుడికి సాక్సులెందుకని కాస్త అనుమానం వచ్చింది గానీ, బిస్కెట్లు బాగున్నాయని ఊరుకున్నాను."

కోడలు డాక్టరుకు ఫోను చేసింది. రెట్టింపు రద్దయింది, పాత మోతాదే సవ్యంగా వేయించమన్నాడు. తాళాల సంగతి తలుచుకుని కోడలి మొహం చిన్నబోయింది, వెళ్లి అత్తగారి పక్కన కూర్చుంది. ఇంజనీరు గారు భార్య వెంట మెట్లెక్కాడు. ఆవిడ మొహంలో మూడు రోజుల దిగులు దిగిపోయి, చూడ్డానికి ఎంతో హాయిగా ఉంది. గుమ్మం దగ్గర ఆగింది.

"అయితే మీరు నిక్షేపంలా ఉన్నారన్నమాట."

"ఉన్నాను," అన్నాడు ఆయన, సంతోషంగానే.

"అంతకన్నా నాకేం కావాలి," అని ఆవిడ కళ్లు ఒత్తుకుంది. "మిషను లోపలికి జరపాలి, అటు పక్క పట్టుకోండి."

ఇప్పుడు వెనక గదిలో మిషను నడుస్తోంది. బాబిను బదులు కొత్తది కొనిచ్చి, బాల్కనీలో బల్లంత జాగా సంపాదించాడు ఇంజనీరు గారు. మోటారు కాలిన వాసన తప్ప మరే నష్టమూ లేకుండా బతికి బయటపడింది. మామ్మగారు కోడలి చేతి మాత్ర ముట్టనని, పైనుంచి దిగితేనే వేసుకుంటానని భీష్మించుకుని కూర్చోవడంతో, రోజూ పొద్దున కోడలు మాత్ర పైకి తెచ్చిస్తోంది, డాక్టరు ఒప్పుకున్న అర బిస్కెట్టుతో సహా మేజోడు కిందికి దిగుతోంది. మామ్మగారు తీసుకుని, మాత్ర మింగి, దీవించి పంపుతుంది. స్విచ్చి వేస్తే మేజోడు రివ్వున పైకొస్తుంది.

లోపల ఏమీ లేకపోతే ఆ మోటారును మించినది లేదు.